చిన్న వ్యాపారికి సర్కారులో ఒక వకీలు కావాలె

2025 ఆగస్టు 25న భారత తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. ఉత్తరాలు, కాగితాలు, 100 డాలర్ల లోపు కానుకలు మాత్రం తీసుకుంటామని మొదట చెప్పింది. కొద్ది రోజులకే అవీ ఆగిపోయాయి. మళ్లీ పార్సిళ్లు కదిలింది అక్టోబరు 15న. ఈ ఏడు వారాల్లోనే బతుకమ్మ, దసరా రెండూ వచ్చి పోయాయి. పోచంపల్లి చీర గానీ, ఇంట్లో పట్టిన కారప్పొడి గానీ, నిర్మల్ బొమ్మ గానీ నేరుగా అమెరికాలోని మనిషికి పోస్టులో పంపి బతికేవాళ్లకు ఏడాదిలో అసలైన గిరాకీ ఆ రోజుల్లోనే ఉంటుంది.

కారణం మనందరికీ తెలుసు. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా సర్కారు ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎట్లా కట్టాలి అన్నది తేలకపోవడంతో విమాన సంస్థలు తపాలా సంచులు మోయలేమన్నాయి. ఆగస్టు 27 నుంచి భారతదేశపు సరుకు మీద మొత్తం సుంకం 50 శాతానికి చేరింది.

అదే ఆగస్టులో హైదరాబాదు చుట్టుపక్కల తయారయ్యే జెనరిక్ మందుల మీద ఆ సుంకం పడలేదు. వాటిని మినహాయింపు జాబితాలో పెట్టారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అమెరికాకు ఆ మందుల అవసరం ఉంది. మందుల కంపెనీల తరఫున వాషింగ్టన్‌లో, ఢిల్లీలో మాట్లాడే మనుషులూ ఉన్నారు. మగ్గం మీద కూర్చున్న మనిషి తరఫున ఆ గదుల్లో ఎవరున్నారు? జాబితా రాసే బల్ల దగ్గర ఆయన పేరెత్తినవాళ్లు ఎవరు?

ఈ ప్రశ్నను ట్రంప్‌ను తిట్టుకుని వదిలేయడం తేలిక. కానీ ఆయన రాకముందూ ఈ సమస్య ఉంది, ఆయన పోయాకా ఉంటుంది. ప్రతి నిబంధనకూ ఒక ఖర్చు ఉంటుంది, అది బడా కంపెనీకీ చిన్న దుకాణానికీ ఒకే తీరుగా పడదు. ఒక కొత్త నిబంధన పాటించడానికి ఏడాదికి 20 వేల డాలర్లు ఖర్చవుతుందనుకుందాం. వాల్‌మార్ట్ లెక్కల్లో అది కనబడదు కూడా. ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో కిరాణా దుకాణం పెట్టుకున్న మనవాడికి అది ఒక పనిమనిషి జీతంలో పెద్ద భాగం. అక్షరం మారకుండా ఇద్దరికీ ఒకే నిబంధన పెడితే, ఆ నిబంధనే ఒకరికి పోటీదారులను తగ్గించిపెడుతుంది, ఇంకొకరి తలుపులు మూయిస్తుంది.

ఈ సంగతి గ్రహించి, సర్కారు లోపలే సర్కారుతో వాదించే ఒక కార్యాలయాన్ని అమెరికా దాదాపు యాభై ఏళ్ల కింద పెట్టుకుంది. మనలో ఇరవై ఏళ్లుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్నవాళ్లు కూడా దాని పేరు విన్నది తక్కువ. అది స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ గూటిలో ఉండే ఆఫీస్ ఆఫ్ అడ్వకసీ. 1976లో కాంగ్రెస్ చట్టం చేసి దీన్ని ఏర్పాటు చేసింది. అప్పులు ఇప్పించడం, సబ్సిడీలు పంచడం దీని పని కాదు. ఫెడరల్ శాఖలు పెట్టబోయే నిబంధనలు చిన్న వ్యాపారం మీద ఎంత బరువు వేస్తాయో లెక్కగట్టి, ఆ శాఖల ముందు చిన్నవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడమే దీని పని. దీని అధిపతిని చీఫ్ కౌన్సెల్ అంటారు. అధ్యక్షుడు నియమిస్తాడు, సెనెట్ ఆమోదించాలి. ఈ కార్యాలయం తన అభిప్రాయాన్ని శ్వేతసౌధం బడ్జెట్ కార్యాలయానికి ముందుగా చూపించి ఒప్పించుకోనక్కర్లేదు. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు నిబంధన బాగాలేదని రాతపూర్వకంగా చెప్పవచ్చు.

ఆ వకీలు చేతికి పనిముట్టు ఇచ్చింది 1980 నాటి రెగ్యులేటరీ ఫ్లెక్సిబిలిటీ చట్టం. చిన్న సంస్థల మీద గణనీయంగా ప్రభావం పడే నిబంధన ఏ శాఖ పెట్టదలచినా ముసాయిదాతో పాటు కొన్ని ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది ఎన్ని చిన్న సంస్థల మీద పడుతుంది? వాళ్లు ఏమేం రాసి ఉంచుకోవాలి, ఏం ఖర్చు పెట్టాలి? ఇదే లక్ష్యాన్ని ఇంతకన్నా తక్కువ బరువుతో సాధించే దారులేమిటి? ఆ దారులను ఎందుకు వద్దనుకున్నారో తుది నిబంధనలో చెప్పాలి.

మొదట్లో ఈ చట్టానికి పళ్లు లేవు. శాఖలు తూతూమంత్రంగా నాలుగు ముక్కలు రాసి పడేసేవి. 1996లో చట్టాన్ని సవరించి, శాఖ ఈ పని సరిగా చేయకపోతే చిన్న వ్యాపారి కోర్టుకు పోవచ్చన్నారు. పర్యావరణ సంస్థ ఈపీఏ, కార్మిక భద్రత చూసే ఓషా అయితే ముసాయిదా బయటపెట్టకముందే చిన్న వ్యాపారుల ప్రతినిధులను పిలిచి వినాలన్నారు. 2010లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ కూడా ఈ జాబితాలో చేరింది. నిబంధన సిరా ఆరకముందే వినడం అన్నదే ఇందులో కీలకం. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే అలవాటు మనది. అమెరికన్లు కనీసం కాగితం మీదైనా బావి ముందు తవ్వుకున్నారు.

ఇట్లా ముందుగా వినడం వల్ల మన తెలుగువాళ్ల దుకాణాల దాకా ఏం వచ్చిందో చూద్దాం. 2011 జనవరిలో ఒబామా సంతకం చేసిన ఆహార భద్రత చట్టం కింద, విదేశం నుంచి ఆహారం తెప్పించే ప్రతి దిగుమతిదారూ అక్కడి తయారీదారు శుభ్రతను తానే తేల్చుకోవాలి. ప్రమాదాలను విశ్లేషించాలి, తనిఖీలు చేయించాలి, రికార్డులు రాయాలి. ఆవకాయ, మామిడి తాండ్ర, సకినాలు తెప్పించే చిన్న వ్యాపారికి ఇది తలకు మించిన భారం. 2013 ముసాయిదాలో ఏడాదికి 5 లక్షల డాలర్ల లోపు అమ్మకాలున్నవాళ్లను అతిచిన్న దిగుమతిదారులన్నారు. అభిప్రాయాలు విన్నాక 2015 నవంబరులో వచ్చిన తుది నిబంధనలో మనుషుల ఆహారానికి ఆ హద్దు 10 లక్షల డాలర్లయింది. ఆ లోపువాళ్లు కూడా సురక్షితమైన సరుకే తేవాలి. అయితే పెద్ద కంపెనీ చేసే విశ్లేషణంతా చేయకుండా, సరఫరాదారు నుంచి రాతపూర్వకమైన హామీ తీసుకుని, రెండేళ్లకోసారి దాన్ని కొత్తగా తీసుకుంటూ ఉంటే చాలు. ముసాయిదాకూ తుది నిబంధనకూ మధ్య మారిన ఆ అంకెలో ఎన్నో చిన్న దుకాణాల బతుకుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చిన్నవాడనే పేరుతో నిబంధనలు సడలిస్తే కల్తీ కారం తినేది ఎవరు, విషం పూసిన బొమ్మను నోట్లో పెట్టుకునేది ఎవరి పిల్లలు? ఈ ప్రశ్నకు బొమ్మల కథలోనే జవాబుంది. 2007లో సీసం కలిసిన రంగులున్న బొమ్మలు లక్షల్లో వెనక్కి పిలిచాక, 2008లో కాంగ్రెస్ కఠినమైన చట్టం తెచ్చింది. ప్రతి బొమ్మకూ బయటి ప్రయోగశాల పరీక్ష ఉండాలన్నది. సీసం కలిసిన బొమ్మలు పెద్ద కంపెనీలవి. దెబ్బ తిన్నది మాత్రం గ్యారేజీలో కర్ర బొమ్మలు చెక్కుకునే వాళ్లు. వాళ్లు మూడేళ్లు మొత్తుకున్నాక 2011 ఆగస్టులో కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. ఒక రకం బొమ్మలు ఏడాదికి 7,500కు మించకుండా, మొత్తం రాబడి 10 లక్షల డాలర్లకు మించకుండా ఉంటే కొన్ని ఖరీదైన పరీక్షల నుంచి వెసులుబాటు ఇచ్చింది. రంగులో సీసం పరీక్ష, పిల్లలు మింగే చిన్న ముక్కల పరీక్ష మాత్రం వాళ్లకూ తప్పవు. పిల్లల ప్రాణానికి సంబంధించిన చోట పట్టు సడలించలేదు, కాగితం బరువు మాత్రం తగ్గించారు. నేను అడుగుతున్న న్యాయం ఇంతే.

సరిగ్గా ఇదే కథ మన దగ్గరా జరిగింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం బొమ్మల నాణ్యత ఉత్తర్వు తెచ్చింది. ప్రతి బొమ్మకూ ఐఎస్ఐ గుర్తు ఉండాలన్నది. చైనా నాసిరకం బొమ్మలను ఆపడం లక్ష్యం, మంచిదే. కానీ పొనికి కర్రతో బొమ్మ చెక్కే నిర్మల్ కళాకారుడు ప్రయోగశాల ఎక్కడ పెట్టుకుంటాడు? కొండపల్లి, ఏటికొప్పాక కళాకారులదీ అదే గతి. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, హస్తకళల శాఖలో నమోదైన చేతివృత్తులవారికి మినహాయింపు ఇస్తూ సవరణ వచ్చింది 2020 డిసెంబరులో, ఉత్తర్వు అమలుకు మూడు వారాల ముందు. అడుగు ముందే పడాల్సింది, ఆఖరు ఘడియలో పడింది.

బట్టల మీద జీఎస్టీని 5 నుంచి 12 శాతానికి పెంచుతున్నట్టు 2021లో నిర్ణయించినప్పుడూ అంతే. 2022 జనవరి 1 నుంచి అమలు అన్నారు. రాష్ట్రాలు గొడవ చేస్తే డిసెంబరు 31న వాయిదా వేశారు. నేతన్న కొత్త సంవత్సరం ముందు రాత్రి దాకా ఏం ధరకు అమ్మాలో తెలియకుండా కూర్చున్నాడు. ఈ పెంపు చిన్న మగ్గాల మీద ఎంత పడుతుందో ముందే లెక్కగట్టి ప్రజల ముందు పెట్టాలన్న చట్టం ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు. పైగా, నేత కార్మికుల గొంతు ఢిల్లీలో వినిపించడానికి 1992 నుంచి ఉన్న అఖిల భారత చేనేత బోర్డును 2020 జులైలో రద్దు చేశారు. అప్పటికి జాతీయ చేనేత దినోత్సవానికి పట్టుమని పదిహేను రోజులు లేవు.

మన దగ్గర పథకాలు లేవని ఎవరూ అనలేరు. నూలుకు సబ్సిడీ ఉంది. చేనేత మిత్ర, నేతన్నకు చేయూత లాంటి పథకాలు వచ్చాయి. సుంకాల దెబ్బ తర్వాత 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. కానీ ఇవన్నీ దెబ్బ తగిలాక రాసే మందులు. దెబ్బ పడకముందు చెయ్యి అడ్డం పెట్టే ఏర్పాటు వేరు. ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లోనే ఒక విధానం రాసుకుంది. అది చట్టం కాదు, పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. ఎంఎస్‌ఎంఈల కోసం 2006 చట్టం కింద జాతీయ బోర్డూ ఉంది. నిబంధన పెట్టే శాఖ ఆ బోర్డుకు రాతపూర్వకంగా జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. ముందు అడగడం, తర్వాత జవాబు చెప్పడం అన్న రెండు బాధ్యతలు లేని చోట ఎన్ని బోర్డులున్నా అవి కుర్చీల లెక్కలోకే వస్తాయి.

ఇక విదేశీ వ్యాపారం. 2016 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన వాణిజ్య చట్టం అడ్వకసీ కార్యాలయానికి ఇంకో బాధ్యత పెట్టింది. కొత్త వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు మొదలుపెడుతున్నామని అధ్యక్షుడు కాంగ్రెస్‌కు తెలిపితే, చీఫ్ కౌన్సెల్ వివిధ శాఖలతో ఒక బృందాన్ని కూర్చి, చిన్న వ్యాపారులను విని, ఏ రంగం లాభపడుతుందో ఏ రంగం నష్టపోతుందో కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. కెనడా, మెక్సికోలతో 2020 జులై 1న అమలైన ఒప్పందంలో చిన్న వ్యాపారాలకే ప్రత్యేకంగా 25వ అధ్యాయం ఉంది. కెనడాలోకి కొరియర్‌లో పోయే సరుకుకు సుంకం మినహాయింపు హద్దు 20 కెనడియన్ డాలర్ల నుంచి 150కి పెరిగింది. అమెరికాలో ఎగుమతి చేసే సంస్థల్లో దాదాపు 97 శాతం చిన్నవే, ఎగుమతుల విలువలో వాటి వాటా మూడో వంతు మాత్రమే. సంఖ్యలో ఎంతమంది ఉన్నా విలువలో పెద్దవాళ్ల మాటే చెల్లుతుంది కాబట్టే ఈ ఏర్పాటు.

అమెరికా ఏర్పాటులో లోపాలు లేవని కాదు. ఈ వకీలు కుర్చీ 2017 జనవరి నుంచి ఎనిమిదేళ్లకు పైగా సెనెట్ ఆమోదం ఉన్న మనిషి లేకుండానే గడిపింది. రిపబ్లికన్ అధ్యక్షుడున్నా డెమొక్రాట్ అధ్యక్షుడున్నా అదే తంతు. అంతకన్నా పెద్ద లోపాన్ని 2025 బయటపెట్టింది. 1980 చట్టం శాఖలను కట్టేస్తుంది గానీ అధ్యక్షుడిని కట్టెయ్యదు. అత్యవసర అధికారాల పేరుతో అధ్యక్షుడు సుంకం వేసినప్పుడు ముసాయిదా లేదు, చిన్న వ్యాపారుల మీద ప్రభావం లెక్క లేదు, అభిప్రాయాలకు గడువు లేదు. అప్పుడు న్యూయార్క్‌లో వైన్ దిగుమతి చేసుకునే వీ.ఓ.ఎస్. సెలెక్షన్స్ అనే చిన్న సంస్థ, ఇంకొన్ని చిన్న వ్యాపారాలు కలిసి ఏప్రిల్‌లో కోర్టుకెక్కాయి. మే 28న వాణిజ్య న్యాయస్థానంలో గెలిచాయి. 800 డాలర్ల మినహాయింపు పోయిన ఆగస్టు 29నే అప్పీలు కోర్టు కూడా 7-4 తేడాతో వాళ్ల వైపు మొగ్గింది. నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. చిన్నవాళ్లు ఆ మెట్లెక్కగలిగారంటే అక్కడి కోర్టుల గొప్పతనం కొంత ఉంది. వాళ్లను అక్కడిదాకా పోవాల్సిన పరిస్థితిలోకి నెట్టిన లోపమూ అంతే ఉంది.

కాబట్టి మనం అమెరికాను నకలు కొట్టనక్కర్లేదు. మంచిని తీసుకుని లోపాన్ని పూడ్చుకుందాం. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. మన గురించి నిర్ణయం జరిగే చోట మనముండాలన్నదే ఆ మూడింటి సారాంశం. ఇప్పుడు నాలుగో ‘ని’ కూడా చేర్చాలె: నిబంధనలు. పెద్ద ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతి ఇవ్వాలని 2014లోనే టీఎస్-ఐపాస్ చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. గడువు పెట్టి సర్కారును కట్టెయ్యడం మనకు చేతకాని పనేమీ కాదు. పెద్ద పెట్టుబడిదారుకు ఇచ్చిన ఆ భరోసాలో కొంత చిన్నవాడికి కూడా ఇయ్యమని అడుగుతున్నాం.

అడగాల్సినవి మూడు. మొదటిది, రాష్ట్రంలో ఏ శాఖ కొత్త నిబంధన, ఫీజు, ఫారం తెచ్చినా చిన్న సంస్థల మీద దాని బరువెంతో తెలుగులో ఒక పేజీ రాసి 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని చట్టం చేయాలి. వచ్చిన అభ్యంతరాలకు జవాబు రాయకపోతే ఆ నిబంధన చెల్లకూడదు. రెండోది, పరిశ్రమల శాఖ కింద కాకుండా శాసనసభకు నివేదించే ఒక చిన్న కార్యాలయం కావాలి. దాని అధిపతికి స్థిరమైన పదవీకాలం ఉండాలి, కుర్చీ ఖాళీ అయితే ఇన్ని రోజుల్లో నింపాలని చట్టంలోనే రాయాలి. అమెరికాలో కుర్చీ ఎనిమిదేళ్లు ఖాళీగా ఉన్న కథ మనకు అంతవరకూ పాఠం. మూడోది విదేశీ వ్యాపారానికి సంబంధించింది. ఒప్పందాలు చేసే అధికారం కేంద్రానిదే. కానీ అమెరికాతో వాణిజ్య ఒప్పందం చేసుకుంటామని 2025 ఫిబ్రవరిలో ఇద్దరు నేతలు ప్రకటించినప్పుడే, పోచంపల్లి మగ్గానికేం కావాలి, నిజామాబాదు పసుపుకేం కావాలి, వరంగల్ మిర్చికేం కావాలి అని ఊరూరా తిరిగి విని ఒక నివేదిక ఢిల్లీ బల్ల మీద పెట్టకుండా రాష్ట్రాన్ని ఎవరూ ఆపలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు. పసుపు బోర్డు నిజామాబాదుకు 2025 జనవరిలో వచ్చిందంటే రైతులు ఏళ్ల తరబడి అడిగినందుకే. కోస్తా రొయ్యల రైతులకూ ఇదే దెబ్బ తగిలింది, ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే పని చేస్తే అందరికీ మంచిదే.

మరి ఇక్కడున్న మనమేం చేయగలం? చాలా చేయగలం, ఒకసారి చేశాం కూడా. 2015లో స్టెమ్ విద్యార్థుల ఓపీటీ పొడిగింపు ముసాయిదా మీద 50 వేలకు పైగా అభిప్రాయాలు వెళ్లాయి. వాటిలో మన పిల్లలు రాసినవీ ఎన్నో. అదే రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో ఆహార దిగుమతులు, కస్టమ్స్ ఫారాలు, పార్సిళ్ల నిబంధనల ముసాయిదాలూ వస్తుంటాయి. అభిప్రాయం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. వీసా గురించి రాసిన చేత్తోనే వ్యాపారం గురించీ రాయవచ్చు. దుకాణాలున్న మిత్రులు అడ్వకసీ కార్యాలయం పెట్టే రౌండ్‌టేబుల్ సమావేశాలకు పోవాలి. అక్కడ మన వ్యాపారుల ముఖాలు కనబడాలి. ఒక కంటైనర్ రేవులో ఎన్ని రోజులు ఆగింది, ఏ కాగితం ఎందుకు అర్థం కాలేదు, ఎంత అదనంగా ఖర్చయింది అన్న వివరాలు చెప్పాలి. ఆ కార్యాలయానికి ఉపన్యాసాల కన్నా అట్లాంటి లెక్కలే పనికొస్తాయి.

మన సంఘాలు ఏటా సభలు పెడతాయి. మంత్రులను పిలుస్తాం, శాలువాలు కప్పుతాం, పెట్టుబడుల మాటలు వింటాం. వచ్చే సభలో శాలువాతో పాటు పైన చెప్పిన మూడు కోరికలున్న ఒక కాగితం వాళ్ల చేతిలో పెడదాం. అది ఏమైందని ఆరు నెలలకోసారి ఉత్తరం రాద్దాం. బతుకమ్మకు ఒక నేతన్న పంపిన చీర మళ్లీ ఏ పోస్టాఫీసు గోదాంలోనో ఆగిపోకముందే ఆయన తరఫున మాట్లాడే మనిషి హైదరాబాదులో కుర్చీలో కూర్చుని ఉండాలె.